అద్దె ఇంట్లో ఉంటే కరెంటుకీ గ్యాస్‌కీ ప్రభుత్వ సాయం అందాలంటే ముందు ఏం చూసుకోవాలి?

అమ్మా, మీరడిగింది క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీరు విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దెకుంటున్నారు. పైన ఓనరు, కింద రెండు పోర్షన్లు, మీటరు మాత్రం ఒక్కటే. ఓనరు సబ్‌మీటరు చూసి యూనిట్‌కి తొమ్మిది రూపాయలు తీసుకుంటున్నారు. మీవారిది ఆటోనగర్‌లో వెల్డింగ్ పని, రైస్ కార్డు ఉంది. హైదరాబాద్‌లో మీ చెల్లెలికి జీరో బిల్లు వస్తుంటే మీరు నెలకి వెయ్యికి పైగా కడుతున్నారు. గ్యాస్ డబ్బులు మొదటిసారి పడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. ఇవి కాక, రైస్ కార్డు తీసేస్తారేమోనన్న భయం ఒకటి.

నేను విద్యుత్ సంస్థ రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బిల్లులు, బకాయిలు, పేరు మార్పులు చూసే ఆఫీసులవి. ఇప్పటికీ మా పేటలో అర్జీలు రాసిపెడుతుంటాను. మీరు రాసింది చదివాక నాకు తోచింది ఒకటే. మీకు రావలసిన సాయంలో ఎక్కువ భాగం ఆ ఒక్క మీటరు దగ్గరే ఆగిపోతోంది. పథకాల పేర్ల వెంట పడేముందు ఆ సంగతి తేల్చుకోండి.

ముందు జీరో బిల్లు మాట. మీ చెల్లెలికి వచ్చేది తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే గృహజ్యోతి. 2024 మార్చి నుంచి తెల్ల కార్డు ఉన్నవాళ్ళకి నెలకు 200 యూనిట్ల వరకు అక్కడ బిల్లు లేదు, అద్దెకున్నవాళ్ళకూ వర్తింపజేశారు. కర్ణాటకలో అదే పేరుతో 2023లోనే మొదలైంది. మన ఆంధ్రలో కులంతో, వృత్తితో సంబంధం లేకుండా పేదలందరికీ అలా ఇచ్చే పథకం లేదు. ఇక్కడ 200 యూనిట్లు ఉచితం అన్నది ఎస్సీ కాలనీల్లో, ఎస్టీ తండాల్లో ఉన్న పేద కుటుంబాలకు. జగ్జీవన్ జ్యోతి అంటారు. 2019లో 100 యూనిట్ల నుంచి 200కి పెంచారు. రజకుల లాండ్రీలకు, నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు వేరే పరిమితులతో రాయితీ ఉంది. మీరు బీసీలమన్నారు, కులవృత్తి చేయడం లేదన్నారు కాబట్టి ఇవేవీ మీ ఇంటికి రావు. అయితే మంగళగిరిలో మీ అమ్మగారింట్లో మగ్గం ఉందని రాశారు కదా, అక్కడ మాత్రం తప్పకుండా అడగండి. 2025 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం రోజున, మగ్గాలకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని ప్రభుత్వం ప్రకటించింది. అమ్మగారి మీటరు ఇంకా చనిపోయిన మీ తాతగారి పేరునే ఉంటే మొదట పేరు మార్పించండి. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళలోనూ నేను ఎక్కువగా చూసింది ఇదే: అర్హత ఉంటుంది, కులధ్రువీకరణ పత్రం ఉంటుంది, మీటరు మాత్రం ఎప్పుడో పోయిన పెద్దాయన పేరున నడుస్తుంటుంది. ఆధార్ కలవదు, రాయితీ పడదు. పేరు మార్పు పెద్ద పనేం కాదు. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వం చూపించే కాగితం, పాత బిల్లు పట్టుకెళ్తే దారి దొరుకుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. పథకం అని పేరు పెట్టకపోయినా, తక్కువ కరెంటు వాడే ప్రతి ఇంటికీ ప్రభుత్వ సాయం ఒకటి అందుతూనే ఉంటుంది. అది స్లాబుల్లో దాగి ఉంటుంది. 2022లో మార్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4.50. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8.75. ఆపైన 9.75. ఎంత ఎక్కువ వాడినా మొదటి 30 యూనిట్లకి 1.90 చొప్పునే పడుతుంది, ఆ తర్వాతవాటికి మెట్లు ఎక్కినట్టు ధర పెరుగుతుంది. కింది స్లాబుల ధర కరెంటు సరఫరాకి అయ్యే ఖర్చు కంటే బాగా తక్కువ. ఆ తేడాను ప్రభుత్వం డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు, సబ్సిడీగా కడుతుంది. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు ముందుగానే కట్టాలి.

మీరు నెలకు సుమారు 120 యూనిట్లు వాడుతున్నారు. మీకు విడిగా మీటరుంటే లెక్క చూడండి. మొదటి 30కి 57 రూపాయలు, తర్వాతి 45కి 135, మిగిలిన 45కి 202.50. మొత్తం 394.50. యూనిట్‌కి ఆరు పైసల విద్యుత్ సుంకం, కిలోవాట్‌కి పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, ఇంధన సర్దుబాటు అన్నీ కలిపినా ఐదారు వందల దగ్గర ఉంటుంది. మీరిప్పుడు ఓనరుకిస్తున్నది 120 తొమ్మిదులు, అంటే 1,080. మీ ఇంటికి ప్రభుత్వం ఇస్తున్న సాయం మీదాకా రాకుండా పోవడం అంటే ఇదే.

మరి ఓనరు మిమ్మల్ని దోచుకుంటున్నారా? తొందరపడి అలా అనుకోవద్దు. ఆయనవైపు లెక్క కూడా వేయండి. పైన ఏసీ ఉందన్నారు కాబట్టి ఆయన వాడకం 250 యూనిట్లు అనుకుందాం. మీవి 120, పక్క పోర్షన్‌వి 120. ఒకే మీటరు మీద మొత్తం 490. దానికి కరెంటు చార్జీ ఒక్కటే 3,425.75 అవుతుంది, మిగతా చార్జీలు అదనం. అదే మూడు మీటర్లుంటే ఆయనకి 1,235.75, మీ రెండిళ్ళకీ చెరో 394.50, మొత్తం 2,024.75. ఒకే మీటరు వల్ల ఆ మేడ మీద నెలకు పద్నాలుగొందల రూపాయలు ఎక్కువ పడుతోంది. ఆ డబ్బు మీకూ మిగలదు, ఆయనకీ మిగలదు. మూడు ఇళ్ళ వాడకం కలిసి పై స్లాబులోకి పోవడం వల్ల వచ్చిన భారం అది. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి, గొడవ పెట్టుకోకుండా, "బాబాయ్ గారూ, ఇదిగో చూడండి" అని ఆయన ముందు పెట్టండి. చాలామంది ఓనర్లు దీన్ని ఎప్పుడూ లెక్కేసి చూసుకోరు.

ఓనర్లు విడి మీటరుకి ఒప్పుకోకపోవడానికి అసలు కారణం వేరే. అద్దెవాళ్ళ పేరు మీద మీటరుంటే రేపు ఇల్లు మాదే అంటారేమోనని భయం. ఆ భయం తీర్చండి. కరెంటు కనెక్షన్ ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. అద్దె ఒప్పందంలో ఆ మాట రాసుకోవచ్చు. అప్పటికీ ఇష్టపడకపోతే ఆయన పేరు మీదనే మీ పోర్షన్‌కి వేరే సర్వీసు, అంటే వేరే కనెక్షన్, తీసుకోమనండి, బిల్లు మీరు కట్టుకోండి. విడి గుమ్మం, విడి వంటగది ఉన్న పోర్షన్ కాబట్టి విడి సర్వీసు అడగడానికి ఆధారం గట్టిగానే ఉంది. చట్టం మాటకొస్తే, 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమానికే కాదు, అందులో నివాసం ఉంటున్నవాళ్ళకి కూడా కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. ఓనరు అంగీకార పత్రం లేకపోతే ఇండెమ్నిటీ బాండు (నష్టం వస్తే మేమే భరిస్తామనే హామీ పత్రం), ఎక్కువ డిపాజిట్ అడుగుతారు. కనెక్షన్ ఇవ్వడానికి ఎన్ని రోజులు పట్టాలో కేంద్రం 2020లో వినియోగదారుల హక్కుల నిబంధనల్లో పెట్టింది, 2024లో ఆ గడువు ఇంకా తగ్గించింది. నగరాల్లో కాగితాలన్నీ సరిగా ఇస్తే వారంలోపు ఇవ్వాలి. అయినా ఓనరుతో పోట్లాడి మీటరు తెచ్చుకోమని నేను సలహా ఇవ్వను. మీటరు వచ్చాక ఇల్లు ఖాళీ చేయమంటే నష్టం మీదే. ముందు లెక్క చూపించి ఒప్పించండి.

విడి మీటరు కుదిరేదాకా ఒక్క పని చేయండి. ప్రతి నెలా బిల్లు చీటీ ఫోటో ఇమ్మని అడగండి. అందులో ట్రూఅప్ అనో, ఇంధన సర్దుబాటు అనో కొన్ని వరుసలు కనిపిస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కి 40 పైసల వరకు నెలనెలా సర్దుబాటు వేసే ఏర్పాటు వచ్చింది. దానికి తోడు ట్రూఅప్ పేరుతో వెనకటి సంవత్సరాల లెక్క తేల్చి, అప్పుడు ఆ సర్వీసు మీద వాడిన యూనిట్లను బట్టి వేసే మొత్తాలూ ఉంటాయి. అంటే మీకంటే ముందు ఆ పోర్షన్‌లో ఉన్నవాళ్ళు వాడిన కరెంటు తాలూకు భారం మీ తొమ్మిది రూపాయల్లో కలిసి ఉండొచ్చు. ఇది అద్దెవాళ్ళకు జరుగుతున్న అన్యాయమే. ఉద్యోగంలో ఉన్నప్పుడూ నా అభిప్రాయం ఇదే. పాత వాడకం లెక్క ఇల్లు మారిపోయిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళదు, ఇప్పుడున్నవాళ్ళ మీదే పడుతుంది. దాని భారం ఎంతో తెలిస్తే కనీసం మీరూ ఓనరూ పంచుకోవడం గురించి మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను, ఇది చాలా ముఖ్యం. మన రాష్ట్రంలో రైస్ కార్డుకి, పింఛనుకి, ఇంకా చాలా పథకాలకి అర్హత చూసేటప్పుడు ఆరు అంచెల పరిశీలన అని ఒకటి ఉంది. కుటుంబ ఆదాయం కాక చూసేవి ఇవి: భూమి, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణాల్లో సొంత కట్టడం విస్తీర్ణం. వీటితోపాటు కరెంటు. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హులు. ఆ యూనిట్లు ఎవరివి? మీ ఆధార్‌కి ఏ సర్వీసు నంబరు జతయి ఉంటే దానివి. సర్వేలో వచ్చినవాళ్ళు గుమ్మం ముందున్న మీటరు నంబరు రాసుకుని, ఇంట్లో కనిపించినవాళ్ళ ఆధార్‌కి జతచేసిన సందర్భాలు ఎన్నో. అలాగయితే మూడు ఇళ్ళ 490 యూనిట్లూ మీ ఒక్క కుటుంబం ఖాతాలో పడి, మీరు ధనవంతులుగా లెక్కలోకి వస్తారు. పాతింట్లో జతచేసిన మీటరు ఇల్లు మారాక కూడా మీ ఆధార్‌నే అంటిపెట్టుకుని ఉండే ఇబ్బందీ ఉంది.

కాబట్టి ఈ వారంలోనే మీ వార్డు సచివాలయానికి వెళ్ళి, మీ కుటుంబంలో ప్రతి ఒక్కరి ఆధార్‌కి ఏ సర్వీసు నంబర్లు జతయ్యాయో చూపించమనండి. ఓనరు మీటరు కనిపిస్తే తొలగించమని అర్జీ ఇవ్వండి. అద్దె ఒప్పందం, ఆ మీటరు బిల్లు చీటీ, మీ ఆధార్, ఓనరు రాసిచ్చిన చిన్న ఉత్తరం జతచేయండి. సచివాలయంలో ఒకటి, కరెంటు వాళ్ళ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఒకటి ఇచ్చి, రెండు చోట్లా రసీదు తీసుకోండి. నోటిమాటతో వదిలేయకండి. మా పేటలో కార్డు పోయాక పరుగెత్తినవాళ్ళందరికీ తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది. పోకముందు సరిచేయించుకోవడం ఎంతో తేలిక. మీ ఓనరుకి కూడా రైస్ కార్డుంటే ఆయనకీ ఇదే సమస్య వస్తుంది. 490 యూనిట్లు ఆయన పేరు మీదే పడుతున్నాయి మరి. విడి మీటర్లు మీ పేర్ల మీద ఉండడం ఆయనకే మేలు అని చెప్పడానికి ఇదింకో కారణం.

గ్యాస్ సంగతి. దీపం-2 కింద రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలైంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు దాకా ఒకటి, డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకటి. ఒక విడతలో బుక్ చేసుకోకపోతే అది తర్వాతి విడతలో కలవదు, పోయినట్టే. ముందు మీరు డబ్బు కట్టి తెచ్చుకుంటే, పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో ఖాతాలో వేస్తామన్నది మొదట చెప్పిన పద్ధతి. దీనికి అద్దె ఇల్లా, సొంత ఇల్లా అన్నది అడ్డు కాదు. రైస్ కార్డు, ఆ కార్డులో ఉన్న ఎవరో ఒకరి పేరు మీద కనెక్షన్, ఆధార్ కలిసిన బ్యాంకు ఖాతా ఉండాలి. ఒక కార్డులో ఎన్ని కనెక్షన్లున్నా ఒకదానికే వస్తుంది.

మీకు మొదటిసారి పడి తర్వాత ఆగిందంటే నేను ముందుగా అనుమానించేది బ్యాంకు ఖాతాని. ప్రభుత్వ డబ్బు మీరు గ్యాస్ ఏజెన్సీలో ఇచ్చిన ఖాతాకి కాకుండా, మీ ఆధార్ చివరిసారి ఏ బ్యాంకుకి అనుసంధానమైందో ఆ ఖాతాకి వెళ్తుంది. మధ్యలో డ్వాక్రా లోను కోసమో, పిల్లల స్కాలర్‌షిప్ కోసమో కొత్త ఖాతా తెరిచారా? అయితే డబ్బు అందులో పడి ఉండొచ్చు, మీరు పాత పాస్‌బుక్ చూసుకుంటూ ఉండి ఉంటారు. బ్యాంకులో ఆధార్ ఏ ఖాతాకి మ్యాప్ అయిందో చూడమనండి, నిమిషాల్లో తేలిపోతుంది. అక్కడ లేకపోతే ఏజెన్సీలో ఈకేవైసీ పూర్తయిందా, రేషన్ కార్డులో ఈకేవైసీ చేయించారా, మీరు బుక్ చేసిన రెండో సిలిండర్ కూడా అదే నాలుగు నెలల్లో పడిందా అని చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే పౌరసరఫరాల టోల్‌ఫ్రీ 1967కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సిలిండర్ తెచ్చిన అబ్బాయికి బిల్లు మీదున్న మొత్తం ఇస్తే చాలు, పైన యాభై అడిగితే ఇవ్వనక్కర్లేదు. మీ కనెక్షన్ ఉజ్వల కింద తీసుకున్నదైతే కేంద్రం నుంచి సిలిండర్‌కి 300 రూపాయల రాయితీ కూడా వస్తుంది. 2025-26 సంవత్సరానికి దాన్ని తొమ్మిది సిలిండర్ల దాకా పరిమితం చేశారు.

మేడ మీద సోలార్ గురించి కూడా అడిగారు. పీఎం సూర్యఘర్‌లో కేంద్రం ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుమించితే 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. మన రాష్ట్రం బీసీలకు రెండు కిలోవాట్ల దాకా మరో 20 వేలు కలుపుతామని, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు రెండు కిలోవాట్లు పూర్తిగా ఉచితంగా పెడతామని ప్రకటించింది. కానీ దానికి సొంత కప్పు, మీ పేరున సర్వీసు ఉండాలి. అద్దెవాళ్ళకు ఉపయోగం లేదు. మంగళగిరి ఇంటికి పనికొస్తుంది, పేరు మార్పు అయ్యాక చూడండి. కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి, నెలకు వంద నుంచి నూట ఇరవై యూనిట్లు వస్తాయి.

బిల్లు కట్టలేని నెల వస్తే ఏం చేయాలని మీ పక్క పోర్షన్ ఆవిడ అడిగారన్నారు. సొంత సర్వీసు ఉన్నవాళ్ళకి ఇది తెలియాలి. విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం కరెంటు తీసేముందు పదిహేను రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పు అనిపిస్తే అభ్యంతరం రాసిచ్చి, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు మొత్తమో, ఏది తక్కువైతే అది కడితే కనెక్షన్ తీయకూడదు. రెండేళ్ళకు పైబడిన బకాయిని, మధ్యలో బిల్లుల్లో చూపిస్తూ రాకపోతే, హఠాత్తుగా అడగడానికి వీల్లేదు. బకాయి నిజమే అయినా వాయిదాల్లో కడతామని రెవెన్యూ ఆఫీసులో అడగండి. కన్నీళ్ళు పెట్టుకుని వచ్చేవాళ్ళను చూశాను, కానీ వాయిదాలు అడగొచ్చని వాళ్ళలో చాలామందికి తెలియదు. "ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం, ఈ లింకు నొక్కండి" అని ఫోన్ వస్తే అది మోసం, పెట్టేయండి.

ఫిర్యాదు మొదట 1912కి చేయండి. అక్కడ పని జరగకపోతే మన కృష్ణా, గుంటూరు ప్రాంతాలు చూసే కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌కి విజయవాడలో వినియోగదారుల పరిష్కార వేదిక ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో మీ చేత్తో రాసిన కాగితం చాలు. అక్కడా న్యాయం జరగకపోతే ఆపైన అప్పీలు వినడానికి విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆధార్‌కి తప్పుగా జతైన మీటరు సచివాలయంలో తేలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, లేదా 1100కి ఫోన్ చేయండి. అర్జీలో మీ కష్టం మొత్తం రాయకండి, అది చదివేవాళ్ళ దగ్గర సమయం తక్కువ. మొదటి వాక్యంలో సర్వీసు నంబరు, రెండో వాక్యంలో ఏం తప్పు జరిగిందో, మూడో వాక్యంలో ఏం చేయాలో రాయండి. ఓనరు లెక్క విన్నాక ఏమన్నారో రాయండమ్మా, ఒప్పందంలో రాయాల్సిన మాటలు కావాలంటే అవీ రాసిపెడతాను.